మూర్ఛకూ బద్దెపురుగుకూ ఉన్న లంకె

విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి, వైద్యకళాశాల 1923లో వెలిశాయి. ఉత్తరాంధ్ర మన్యం నుండీ ఒడిశా సరిహద్దుల నుండీ రోగులు నేటికీ చేరేది అక్కడికే. వారిలో మూర్ఛరోగులూ ఉంటారు. ఇంటివద్ద వారి చేతిలో ఇనుపముక్కో తాళాలగుత్తో పెట్టి చూసిన తరువాతనే ఈ ప్రయాణం.

కింగ్ జార్జి ఆసుపత్రి పుట్టేనాటికి విశాఖ మదరాసు ప్రెసిడెన్సీలోని ఊరు. ఆ ప్రెసిడెన్సీ ముఖ్యపట్టణంలోనే, 1888లో, మూర్ఛలతో మరణించిన ఒక కూలీ శరీరంలో బద్దెపురుగు తిత్తులున్నట్లు ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వైద్యుడు ప్రకటించాడు. వైద్యచరిత్రలో ఆ మనిషి కేవలం ‘కూలీ’. అతని మరణం వల్ల ఎవరి ఆలోచనా మారినట్లు కనబడదు.

సిపాయిల విషయం వేరు. మన దేశంలో కొలువుచేసి వెళ్ళిన బ్రిటిషు సైనికులకు ఏళ్ళ తరువాత మూర్ఛలు రావడాన్ని 1930లలో మెకార్థర్ అనే సైనికవైద్యుడు పట్టించుకున్నాడు. చర్మం కింద చిన్న గడ్డలు, ఎక్స్‌రేలో కండరాలలో సున్నపు మచ్చలు కనిపించాయి. 1961లో డిక్సన్, లిప్స్‌కోంబ్ అటువంటి 450 మంది చరిత్రను ప్రకటించారు. తెల్ల సిపాయికి మూర్ఛ వస్తే కారణం వెతికారు. అదే నేల మీద అదే నీరు త్రాగినవారికి వస్తే గ్రహమనో, గాలి అనో సరిపెట్టుకున్నాము.

ఇక్కడ ఒక అపోహను విడదీయాలి. సరిగా ఉడకని పందిమాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు ఏర్పడేది మాత్రం ఆ పురుగు గుడ్లను మింగినప్పుడు. అవి మనిషి మలం నుండి నీటికి, వంట చేసేవారి చేతులకు, పచ్చికూరలకు చేరతాయి. కనుక జన్మలో మాంసం ముట్టనివారికీ ఈ జబ్బు రావచ్చు. మెదడు చేరిన పిల్లపురుగు బ్రతికున్నంతకాలం చాలావరకు నిశ్శబ్దంగా ఉంటుంది. చచ్చేవేళ చుట్టూ వాపు వస్తుంది, మూర్ఛ మొదలవుతుంది.

సీటీ స్కాన్ వచ్చాక మరో చిక్కు వచ్చింది. మెదడులో చిన్న వలయం కనబడితే క్షయగడ్డ అనుకొని నెలల తరబడి క్షయ మందులు మింగించారు. వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో చాందీ, రాజశేఖర్ బృందం అటువంటి వాటిని కోసి పరీక్షించగా వాటిలో బయటపడినవి పురుగు తిత్తులు. ఆ సంగతి 1989లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. వీటిలో అనేకం కాలక్రమంలో వాటంతటవే కరిగిపోతాయని తరువాత తేలింది.

కరగనిది చట్టంలోని మాట. 1976 సవరణతో హిందూ వివాహచట్టంలో మూర్ఛను పెళ్ళికి అడ్డంకిగా చేర్చారు. 1999లో గానీ దానిని తొలగించలేదు. ఒక కలుషితమైన పచ్చికూర ముక్క తిన్నందుకు ఆ మధ్యకాలంలో ఎన్ని పెళ్ళిళ్ళు చెడ్డాయో లెక్క పెట్టినవారెవరు?

పందులకు వేసే టీకా ఒకటి ఆస్ట్రేలియాలో రూపొందింది. దానిని తయారుచేసి అమ్ముతున్నది మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్.