తొలకరి పాదు – ఆడవాళ్ల చేతి విత్తనం

ఏటా మన నివేదికలో పొదుపులు, అప్పులు, వసూళ్లు రాసుకుంటాం. ఈ ఏడు దొడ్లో పెట్టే మొదటి విత్తనం గురించి రాస్తున్నాను. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీని వెనక మన గోదావరి డెల్టా ఆడవాళ్ల చరిత్ర చాలా ఉంది.

మన పెద్దవాళ్లకు క్యాలెండరంటే కార్తెలే. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లోనే దొడ్డి తవ్వి, పశువుల ఎరువు వేసి, పాదులు చేసి ఉంచేవారు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే ఆనప, బీర, పొట్ల, కాకర, గుమ్మడి గింజలు పెట్టేవారు. ఒక పక్కన బెండ, గోంగూర, తోటకూర, ఇంకో పక్కన వంగ నారు, మిరప నారు. మగవాళ్లు ఏరువాక పున్నమికి పొలంలో అరక కడితే, ఆడవాళ్ల ఏరువాక దొడ్లో సాగేది.

ఇంత తొందర ఎందుకంటే దానికో లెక్క ఉంది. వానాకాలం ఊడుపుల రోజుల్లో పని ఎక్కువ, చేతిలో డబ్బు తక్కువ. వరి కోతకొచ్చేదాకా పెద్ద రాబడి ఉండదు. తొలకరిలో వేస్తే తోటకూర నెల రోజుల్లో, బెండ, బీర నెలన్నర, రెండు నెలల్లో చేతికొస్తాయి. శ్రావణమాసం ఖర్చుల వేళకి కూర కొనక్కర్లేదు. చిక్కుడు కూడా అప్పుడే పెట్టాలి. పాతరకం చిక్కుడు పగలు తగ్గి చలి మొదలైతే గానీ పూత వేయదు. అప్పటికి తీగ పందిరంతా అల్లుకుని ఉంటే సంక్రాంతికి కాయ బాగా దిగుతుంది. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతాం కదా, దానికీ మూలం తొలకరి పాదులోనే ఉంది.

ఇప్పుడు మనం పచ్చగా చూసే డెల్టా ఎప్పుడూ ఇలా లేదు. 1833 ప్రాంతంలో కరువుతో ఈ జిల్లాలు అల్లాడిపోయాయి. గోదావరి పక్కనే పారుతున్నా పొలానికి నీరెక్కేది కాదు. కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించారు. కాలవలు వచ్చాక వరి పెరిగింది. పల్లపు భూమంతా వరికి పోయాక కూరగాయకు మిగిలింది ఇంటి దొడ్డి, పొలం గట్టు, గోదావరి లంకలు. లంకల్లో రెండో తొలకరి ఉంటుంది. వరద తీసి ఒండ్రు ఆరాక అక్కడ మళ్లీ కూరగాయలు వేస్తారు. వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి దొడ్లో ముందుగా పెట్టిన పాదులకి గిన్నెలు కడిగిన నీళ్లే ఆధారం. అవి పోసేది ఆడవాళ్లే.

విత్తనం దాచిందీ ఆడవాళ్లే. బలమైన తీగ మీద మంచి కాయ ఒకటి కోయకుండా వదిలి, గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టేవారు. బీరకాయ ఎండితే గింజతో సహా దూలానికి వేలాడదీసేవారు. పొయ్యి పొగకి పురుగు పట్టదు. గుమ్మడి, ఆనప గింజలు పేడలో అద్ది గోడకి కొట్టి ఆరనిచ్చేవారు. వంగ, మిరప గింజలు బూడిద కలిపి మూట కట్టేవారు. కోడలికి, కూతురికి, పక్కింటి వదినకి గుప్పెడు గింజలు ఇచ్చేవారు, మరుసటేడు తిరిగి తీసుకునేవారు. డ్వాక్రా సంఘాలు రాకముందే మన ఆడవాళ్లు చేసిన పొదుపు, ఇచ్చిన అప్పు ఇదే.

తర్వాత ప్యాకెట్ విత్తనం వచ్చింది. హైబ్రిడ్ కాపు ఎక్కువే, అమ్మకానికి పండించేవాళ్లకి అది లాభమే. కానీ దాని గింజ దాచి వేస్తే తల్లిలాంటి కాయ రాదు. ఏటా కొనాలి. కొనడం అలవాటయ్యాక దాచడం మానేశాం. పాకలు పోయి డాబాలు వచ్చాయి, దూలమూ పోయింది, పొయ్యి పొగా పోయింది. ఇప్పుడు మృగశిర వచ్చినా డబ్బులు చూసుకుని కొట్టుకెళ్లేసరికి పదును పోతోంది.

దీనికి తోడు వరద. 1953, 1986, 2006 పెద్ద వరదలు ఆగస్టులో వచ్చాయి. 1986లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022లో మాత్రం జూలై మధ్యలోనే 25 లక్షలు దాటి లంక ఊళ్లు మునిగాయి. అంత ముందుగా వస్తే తొలకరి పాదు కాపుకి రాకుండానే కుళ్లిపోతుంది. అందుకే లంకల్లో ఉన్నవాళ్లు వంగ, మిరప నారు కొంత అరుగు మీద కుండీల్లో పోసుకోవాలి. ప్రతి రకంలోనూ సగం గింజలు మిగుల్చుకోవాలి. నీరు తీశాక మళ్లీ వేయడానికి అవే దిక్కు.

మంచి మార్పు కూడా ఉంది. 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి సేద్యం మహిళా సంఘాల ద్వారానే ఊళ్లకి చేరింది. అందులో వానలకి ముందే నవధాన్యాలు చల్లే పద్ధతి ఉంది. రకరకాల గింజలకి బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి పొడి నేలలో వేస్తారు. తేమ తగలగానే మొలుస్తాయి. కొత్త పేరే గానీ, గింజకి పేడ, బూడిద పట్టించడం మన మామ్మలకి తెలిసిన పనే. చట్టం కూడా మన వైపే ఉంది. 2001లో వచ్చిన మొక్కల రకాల, రైతు హక్కుల రక్షణ చట్టం ప్రకారం రైతు తన పంట విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా.

కాబట్టి నాదొక మాట. ప్రతి సంఘంలో పొదుపు పుస్తకంతో పాటు ఒక విత్తనాల డబ్బా, ఒక పుస్తకం పెడదాం. ఎవరు ఏ గింజ ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, తిరిగి ఎంత ఇవ్వాలి అన్నది రాద్దాం. రోహిణి కార్తెలో తడిగుడ్డలో ఇరవై గింజలు మూటకట్టి చూద్దాం. పదహారు మొలిస్తే ఆ విత్తనం మంచిదే. తక్కువైతే పాదుకి రెండు గింజలు ఎక్కువ పెడదాం. హైబ్రిడ్ వేసుకునేవాళ్లు వేసుకోండి, ఒక్క పాదు మాత్రం దాచుకునే రకానికి వదలండి. వచ్చే నివేదికలో మన అప్పుల పట్టిక పక్కన విత్తనాల పట్టిక కూడా వేసుకుందాం.