మనోవర్తి, వీలునామా: కిన్వట్ సరిహద్దున వితంతువు ఆస్తిహక్కు

కిన్వట్ తాలూకా 1956 అక్టోబరు 31 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో భాగం. మరునాడు రాష్ట్రాల పునర్విభజనతో బొంబాయి రాష్ట్రంలో చేరి, 1960 మే 1న మహారాష్ట్రకు వచ్చింది. హద్దు మారినా పొలాలూ చుట్టరికాలూ కదలలేదు. భర్త పోయిన స్త్రీ ఆస్తి కోసం కోర్టుకెక్కవలసి వస్తే ఏ భాషలో, ఏ మాటతో అడగాలన్నది మాత్రం మారింది. ఆ మాటల వెనుకనున్న హక్కు చరిత్రను ఇక్కడ పరిశీలిద్దాం.

నిజాం పాలనలో అధికారభాష ఉర్దూ. తన తదనంతరం ఆస్తి ఎవరికి చెందాలో రాసే పత్రం అందులో 'వసీయత్‌నామా', మరాఠీలో 'మృత్యుపత్ర'. తెలుగులో 'మరణశాసనం' ఉన్నా, వాడుకలో నిలిచింది 'వీలునామా'. ఇంగ్లీషు 'విల్'కు పారశీక 'నామా' చేరి ఏర్పడిన మాట ఇది. ఇక వితంతువు పోషణకిచ్చేది మరాఠీలో 'పోట్‌గీ'. 'పోట్' అంటే పొట్ట. తెలుగులో అది 'మనోవర్తి'. పొట్టకూటికిచ్చిన భూమిపై ఆమెకు యాజమాన్యం ఉంటుందా? కోర్టులు దశాబ్దాలపాటు తర్కించిన ప్రశ్న ఇదే.

హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమలులోకి వచ్చింది. అప్పటికి కిన్వట్ ఇంకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. వీలునామా రాయకుండా భర్త మరణిస్తే భార్యకు పిల్లలతోనూ అత్తగారితోనూ సమానంగా ఒక వాటా వస్తుందని చట్టం చెప్పింది. అయితే షెడ్యూల్డు తెగలకు, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, ఈ చట్టం వర్తించదు. గోండులు, కోలాములు నివసించే కిన్వట్ ప్రాంతంలో ఈ మినహాయింపు చిన్న విషయం కాదు.

చట్టంలోని 14వ సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. హిందూ స్త్రీ స్వాధీనంలోని ఆస్తికి ఆమే పూర్తి యజమాని అని మొదటిది. వీలునామా, డిక్రీ వంటివి పరిమిత హక్కునే ఇచ్చి ఉంటే ఆ పరిమితి చెల్లుతుందని రెండవది. ఈ రెంటి ఘర్షణను తేల్చింది నెల్లూరు నుంచి వెళ్ళిన ఒక తెలుగు వితంతువు కేసే. వడ్డెబోయిన తులశమ్మ భర్త 1931లో ఉమ్మడి కుటుంబంలో ఉండగా మరణించాడు. ఆమె మనోవర్తికై 1944లో కోర్టుకెక్కింది. 1949 రాజీలో, అమ్ముకునే హక్కు లేకుండా, జీవితకాలం అనుభవించేందుకు కొంత ఆస్తి దక్కింది. తర్వాత అందులో కొంత అమ్మితే మరిది దావా వేశాడు. హైకోర్టులో ఆమె ఓడిపోయింది. 1977లో సుప్రీంకోర్టు ఆమెను గెలిపించింది. మనోవర్తి దయాధర్మం కాదు, ముందునుంచీ ఉన్న హక్కు. రాజీ దాన్ని గుర్తించిందే గాని కొత్తగా పుట్టించలేదు అన్నది తీర్పు సారాంశం.

ఈ సూత్రాన్నే 2015లో సుప్రీంకోర్టు 1920 నాటి ఒక తెలుగు కుటుంబపు వీలునామాకు అన్వయించింది. భర్త భార్యకు జీవితకాలం వరకే ఇచ్చిన ఆస్తి, 1956 చట్టంతో ఆమెకు పూర్తిగా దక్కిందని తేల్చింది. కాని దీన్ని అన్ని వీలునామాలకూ వర్తింపజేయరాదు. భర్త తన స్వార్జితంపై 1968లో రాసిన వీలునామాలోని పరిమితిని అదే కోర్టు 2006లో ఆమోదించింది. అందుచేత పత్రం ఏనాటిది, ఆస్తి ఎవరి ఆర్జన అన్న రెండు ప్రశ్నలూ కీలకం.

భార్యకు ఏమీ మిగల్చని వీలునామా ఎదురైనప్పుడు కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. పత్రాన్ని ముందుకు తెచ్చినవారే దాన్ని రుజువు చేయాలి. అనుమానాలుంటే వారే నివృత్తి చేయాలని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. వీలునామా చెల్లినా, ఆస్తి పొందినవారి నుంచి ఆ ఆస్తి మేరకు మనోవర్తి కోరే వీలు 1956 నాటి దత్తత, పోషణ చట్టంలో ఉంది.

సరిహద్దు తెలుగు ఇళ్ళలోని పాత కాగితాలను విద్యార్థులు చదివేటప్పుడు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి. 'మనోవర్తి కింద ఇవ్వడమైనది' అన్న ముక్క కనబడితే దాన్ని దానంగా చదవరాదు. ఆ మాటలో ఒక స్త్రీ యాజమాన్యం దాగి ఉండవచ్చు.