ఉపాధ్యాయుని యిల్లు

సంఘసంస్కారమును గూర్చిన చరిత్రలు సాధారణముగా సభలతో మొదలై శాసనములతో ముగియుచుండును. ఎవరు ఉపన్యసించిరి, ఎవరు ఖండించిరి, ఏ సంవత్సరమున ఏ చట్టము వచ్చెను అను విషయములే వానియందు కానవచ్చును. సభలో మాటలాడిన మనుష్యుడు రాత్రి యింటికి పోయిన పిదప ఆ యింట నేమి జరిగెనో చెప్పు పుటలు మిక్కిలి తక్కువ. రాజమహేంద్రవరమునందలి యొక బడిపంతులు జీవితమును ఈ దృష్టితో పరిశీలించినచో, మనకు తెలిసిన చరిత్రయే క్రొత్తగా కనబడును. ఆ బడిపంతులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు.

ఆయన 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున సుబ్బరాయుడు, పూర్ణమ్మ గార్లకు జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతింపగా, పెదతండ్రి వెంకటరత్నముగారి ప్రాపున పెరిగిరి. 1861లో వివాహమయ్యెను. వరునకు పదమూడేండ్లు, వధువు బాపమ్మ యింకను బాలిక. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి యను పేరు కలిగెను. బాల్యవివాహములను ఖండించుటకు పిమ్మట కలము పూనినవాడు తానును అట్టి వివాహమే చేసికొనినవాడగుట గమనింపదగినది. ఆచారపు బరువును ఆయన పుస్తకములలో చదివి తెలిసికొనలేదు.

చదువు ముగిసిన పిదప ఆయనకు వేరు త్రోవలు లేకపోలేదు. కచ్చేరి కొలువులో లంచమును, న్యాయవాద వృత్తిలో అసత్యమును తప్పవని యెంచి ఉపాధ్యాయ వృత్తిని వరించిరి. మొదట ఓడరేవైన కోరంగిలోను, పిమ్మట ఆనకట్ట యొద్ద నున్న ధవళేశ్వరములోను బడి నడపిరి. ధవళేశ్వరముననే 1874లో బాలికల పాఠశాలను స్థాపించిరి; ఆ యేడే 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించిరి. తరువాత రాజమహేంద్రవరపు ప్రభుత్వ విద్యాలయమున ఆంధ్రపండితులైరి. పగలు పాఠములు, రాత్రి పత్రికారచన. ఇదియే ఆయన దినచర్య.

ఇక వితంతువివాహముల విషయము. విధవలు పునర్వివాహము చేసికొనవచ్చునని 1856లోనే చట్టము వచ్చియుండెను. ఆ చట్టమునకై పాటుపడిన వంగదేశపు ఈశ్వరచంద్ర విద్యాసాగరులును ఉపాధ్యాయులే. ఆ సంవత్సరము డిసెంబరులోనే కలకత్తాలో ఆయన యొక వివాహమును జరిపించిరి. కాని చట్టము వివాహమును చెల్లునట్లు చేయగలదే గాని, వధూవరులకు ఉండుటకు ఇల్లు చూపలేదు, వండి పెట్టలేదు, పురోహితుని పిలువలేదు. తెలుగుదేశమున ఆ కొఱత తీర్పవలసి వచ్చినది ఒక పండితుని కుటుంబమునకే.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన గోగులపాటి శ్రీరాములుగారికిని, బాలవితంతువగు గౌరమ్మకును రాజమహేంద్రవరమున వివాహము జరిగెను. నాలుగు దినములకే రెండవ వివాహమును జరిగెను. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. బసవరాజు గవర్రాజుగారు మొదలగువారు, విద్యార్థులును ప్రక్కన నిలిచిరి. ఊరు మాత్రము ఎదురు తిరిగెను.

వెలి యనగా నేమో నేటి చదువరులకు వివరింపవలసియున్నది. వెలి పడిన యింటికి పురోహితుడు రాడు, బంధువులు పంక్తిని కూర్చుండరు, శుభమునకు పిలువరు, తుదకు శవమును మోయుటకును నలుగురు దొరకరు. ఆ భయముచేతనే పెండ్లికి వచ్చినవారిలో కొందరు పిమ్మట ప్రాయశ్చిత్తము చేసికొని తప్పించుకొనిరి. వంటబ్రాహ్మణులును, నీళ్లు మోయువారును పంతులుగారి యింటికి రాకపోయిరి.

బహిష్కారము పురుషుని వీధిలో అవమానించును. స్త్రీకి పొయ్యి యొద్ద, నీళ్లబిందె యొద్ద ప్రతిదినమును పరీక్ష పెట్టును. ఆ పరీక్షకు నిలిచినది రాజ్యలక్ష్మమ్మగారు. ఆమె స్వయముగా గోదావరికి పోయి నీళ్లు మోసికొని వచ్చెను; పెండ్లివారికిని, ఆశ్రయము కోరి వచ్చినవారికిని తానే వండి పెట్టెను. బిందె భుజమున నుంచుకొని, నిన్నటివరకు పలుకరించిన యిల్లాండ్రు ముఖము త్రిప్పుకొనుచుండగా, ఆ వీధులవెంట నడచుట ఉపన్యాసము కంటె సులభమైన పనియని ఎవ్వరు చెప్పగలరు?

ఆ పని ఒక దినముతో తీరలేదు. పెండ్లియాడిన దంపతులను స్వజనులు చేరనీయనందున వారి నివాసము, జీవనము, కాన్పులు మొదలగు భారములు ఆ యింటిమీదనే పడెను. సహాయము పొందినవారెల్లరు కృతజ్ఞులైయుండలేదనియు, ధనాశతో వచ్చినవారును కలరనియు పంతులుగారే తమ 'స్వీయచరిత్రము'లో దాచక వ్రాసిరి. సంతానము లేని ఆ దంపతులకు దిక్కులేని బాలికలే బిడ్డలైరి. 1906లో హితకారిణీ సమాజమును నెలకొల్పి, తమ ఆస్తిని ఆ సమాజమునకే యిచ్చిరి.

మహాదేవ గోవింద రానడేగారు పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరులని కొనియాడిరి. ఆ ప్రశంసకు వారు తగినవారే. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో పరమపదించిరి. పంతులుగారు 1919 మే 27న చెన్నపురిలో కీర్తిశేషులైరి. రాజమహేంద్రవరమున వారి యిల్లు స్మారకముగా నిలిచియున్నది. చూడబోవువారు పంతులుగారు వ్రాసికొనిన గదిని చూచి మరలుచుందురు. అక్కడనుండి నదివరకు ఒకసారి నడచి, నిండుబిందెతో తిరిగి వచ్చుట యెట్లుండునో తలపోసిన గాని ఆ యింటి చరిత్ర సగమే తెలిసినట్లు.

ఈ న్యాయము ఆ యొక్క యింటికే చెందినది కాదు. మన తాతలలో వెలిని సహించినవారు, కులము చూడక అన్నము పెట్టినవారు, ఆడపిల్లలను బడికి పంపినవారు పలువురు కలరు. వారి పేర్లు కుటుంబములలో గర్వముతో చెప్పుకొనుచున్నాము. ఆ నాళ్లలో వంట చేసినదెవరు, నీళ్లు తెచ్చినదెవరు, పుట్టింటివారి రాకపోకలు కోల్పోయినదెవరు అని యింటి పెద్దలనడిగి వ్రాసియుంచుకొనుడు. అడుగుటకు తగినవారు ఇంకను కొన్ని యిండ్లలోనైన మిగిలియున్నారు.