క్లాస్ట్రీడియం

క్లాస్ట్రీడియం ఆక్సిజన్ ఉన్నచోట పెరగలేని కడ్డీ ఆకారపు బ్యాక్టీరియాల ప్రజాతి. మట్టిలో, పేడలో, మనుషుల పేగుల్లో ఉంటాయి. చాలా జాతులు హాని చేయవు. రోగం తెచ్చేవి కొన్నే, వాటి బలమంతా విషంలోనూ సిద్ధబీజాల్లోనూ ఉంది. పరిస్థితులు అనుకూలించనప్పుడు సిద్ధబీజాలుగా మారి ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. నీళ్లు మరిగించినంత మాత్రాన అవి చావవు; ఆపరేషన్ పరికరాలను ఒత్తిడితో కూడిన 121 డిగ్రీల ఆవిరిలో ఉంచేది అందుకే.

వీటిలో మన పల్లెలకు బాగా తెలిసినది ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం టెటాని. 1889లో జపాన్ శాస్త్రవేత్త కితసాటో దీన్ని విడిగా పెంచి చూపాడు. మేకు లోతుగా గుచ్చుకున్నచోట, కండ చచ్చి గాలి ఆడని గాయంలో సిద్ధబీజాలు మొలకెత్తుతాయి. వాటి విషం నరాల వెంట వెన్నుపాముకు చేరి, కండరాలను సడలించే సంకేతాలను ఆపేస్తుంది. ముందు దవడలు బిగుసుకుంటాయి, తరువాత ఒళ్లంతా విల్లులా వంగుతుంది. గాయం చిన్నదే కావచ్చు, ఒక్కోసారి కనిపించకపోవచ్చు కూడా.

శుభ్రం లేని బ్లేడుతో బొడ్డు కోసినా, కోసినచోట పేడ పూసినా పసికందులకు ఇది సోకుతుంది. గర్భిణికి వేసే టీకా వల్ల తల్లి రక్తంలోని రక్షణ బిడ్డకూ అందుతుంది. ఈ టీకాలు, ఆసుపత్రి కాన్పులు కలిసి సాధించింది చిన్న విజయం కాదు. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు దేశంలో మొదట ధ్రువీకరణ పొందినది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2003లో. దేశమంతటికీ ఆ గుర్తింపు 2015లో వచ్చింది. ఇక్కడ నిర్మూలన అంటే ప్రతి జిల్లాలోనూ ఏడాదికి వెయ్యి సజీవ జననాలకు ఒక కేసు కన్నా తక్కువ అని. మట్టిలోని సిద్ధబీజాలు ఎక్కడికీ పోవు. జబ్బు నుంచి కోలుకున్నవారికీ రోగనిరోధక శక్తి రాదు, వారికీ టీకా వేయాల్సిందే.

క్లాస్ట్రీడియం బొట్యులినమ్ విషం కండరాలను బిగించదు, చచ్చుబడేలా చేస్తుంది. 1895లో బెల్జియంలో నిల్వ పంది మాంసం తిన్నవారు జబ్బుపడినప్పుడు శాస్త్రవేత్త వాన్ ఎర్మెంజెమ్ ఈ బ్యాక్టీరియాను గుర్తించాడు. తేనెలో దీని సిద్ధబీజాలు ఉండే అవకాశముంది కనుక ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. ఆచారమైనా సరే, మానుకోవాలి.

పెర్‌ఫ్రింజెన్స్ అనే జాతి యుద్ధ గాయాల్లో గ్యాస్ గాంగ్రీన్‌కు కారణం. పెద్ద గిన్నెల్లో నిదానంగా చల్లారే మాంసం కూరల్లోనూ పెరిగి విరేచనాలు తెస్తుంది.

డిఫిసైల్ అనే జాతిని 2016లో క్లాస్ట్రీడియాయిడిస్ అనే వేరే ప్రజాతిలోకి మార్చారు. యాంటీబయాటిక్స్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపినప్పుడు ఇది విజృంభించి పెద్దపేగును వాచేలా చేస్తుంది. ఆల్కహాల్ శానిటైజర్‌కు దీని సిద్ధబీజాలు లొంగవు కాబట్టి, ఈ రోగుల దగ్గర పనిచేసేవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.