వారాలు మాన్పించిన భవనం

ఒకప్పుడు పోలండులో యూదు కుర్రాడు తమ ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముద్ చదవాలంటే ముందు ఆకలితో కుస్తీ పట్టాల్సి వచ్చేది. ఆదివారం ఒకరింట్లో, సోమవారం మరొకరింట్లో భోజనం. మన ఊళ్లలో పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకున్నట్టే. ఏ ఇల్లాలైనా ఆ రోజు మరిచిపోతే కుర్రాడికి పస్తే. రాత్రయితే చదువుకున్న బల్ల మీదే, కోటు మడిచి తలకింద పెట్టుకుని పడుకునేవాడు.

ఈ చిక్కు విప్పాలని కొందరు ప్రయత్నించారు. 1803లో మతగురువు రబ్బీ హయీమ్ వొలోజిన్ అనే ఊళ్లో యెషీవా, అంటే తాల్ముద్ పాఠశాల పెట్టి, ఒక్క ఊరి దయ మీదే ఆధారపడకుండా దూరప్రాంతాల నుంచి చందాలు తెప్పించారు. విద్యార్థుల ఖర్చులకు ఎంతో కొంత అందింది. కానీ వాళ్లకు నీడ మాత్రం ఊళ్లోని అద్దె గదుల్లోనే.

వందేళ్లు గడిచాక రబ్బీ మేయిర్ షాపిరో ఈ సమస్యను మరో వైపు నుంచి చూశారు. ఆయన గొప్ప వక్త, పోలండ్ పార్లమెంటు సభ్యుడు కూడా. ప్రపంచంలోని యూదులంతా రోజుకు తాల్ముద్‌లో ఒకే పత్రం చదవాలన్న ఆలోచనను 1923లో వియన్నాలో జరిగిన యూదు మహాసభ ముందు పెట్టింది ఆయనే. అందరినీ ఒకే పాఠం మీదికి తెచ్చిన మనిషి, ఆ పాఠం నేర్చేవాడి మంచం, కంచం గురించీ ఆలోచించారు. విద్యార్థి తలెత్తుకుని బతకాలంటే చదువుకునే చోటే అన్నం, పడక, స్నానం ఉండాలి. అంటే గురువులను కూర్చడం ఒక్కటే చాలదు, భవనమే కొత్తగా పుట్టాలి.

చోటు కోసం ఆయన చూపు లుబ్లిన్ మీద పడింది. 1567లోనే పోలండ్ రాజు అనుమతితో యెషీవా నడిచిన పాత విద్యానగరం అది. చేతిలో డబ్బు లేదు. అదృష్టం కొద్దీ ఐకెన్‌బామ్ అనే సంపన్నుడు లుబార్తోవ్‌స్కా వీధిలో స్థలం దానమిచ్చారు. 1924 మే 22న వేలాది మంది ఎదుట శంకుస్థాపన జరిగింది. అగెనార్ స్మొలుకోవ్‌స్కీ అనే వాస్తుశిల్పి నక్షా గీశారు.

అసలు కష్టం అక్కణ్నుంచే మొదలైంది. ఆరంతస్తుల కట్టడమంటే మాటలా! గోడలు లేస్తున్నకొద్దీ ఖజానా ఖాళీ అయ్యేది, పని ఆగేది. షాపిరో అమెరికా వెళ్లి ఊరూరా ఉపన్యాసాలిచ్చి చందాలు పోగుచేశారు. ఆ డబ్బు కొన్నాళ్లకే సరిపోయేది, మళ్లీ జోలె పట్టాల్సిందే. విసుగన్నది లేకుండా ఆరేళ్లు అలా తిరిగారు.

1930 జూన్‌లో తలుపులు తెరుచుకున్నాయి. వందకు పైగా గదులు, ప్రార్థనకూ పాఠానికీ పనికొచ్చే విశాలమైన మందిరం, భోజనశాల, స్నానకుండం, వేల గ్రంథాలతో పుస్తకాలయం, జెరూసలేం దేవాలయపు నమూనా. వీటన్నిటికన్నా కొత్త సంగతి, ప్రతి కుర్రాడికీ ఒక మంచం. ప్రవేశం మాత్రం తేలిక కాదు, తాల్ముద్ పత్రాలు వందలకొద్దీ కంఠస్థం కావాలి. ఆకలి పరీక్ష తీసేశారు, చదువు పరీక్షను బిగించారు. మరుసటి ఏడాది, రోజుకో పత్రం చొప్పున తాల్ముద్ తొలిసారి పూర్తయిన ఉత్సవం కూడా ఈ గోడల మధ్యే జరిగింది.

కానీ భవనం అప్పులు అప్పటికింకా తీరలేదు. అమెరికాలో మాంద్యం ముదిరి చందాలు సన్నగిల్లాయి. 1933లో, 46 ఏళ్లకే షాపిరో జబ్బుపడి కన్నుమూశారు. 1939లో నాజీలు వచ్చారు. యెషీవా మూతపడింది, పుస్తకాలు చెదిరిపోయాయి, భవనం జర్మన్ సైన్యానికి ఆసుపత్రి అయింది. యుద్ధం ముగిశాక అక్కడ వైద్యవిద్యార్థులు చదువుకున్నారు. ఈ శతాబ్దం మొదట్లో యూదు సమాజానికి తిరిగి దక్కింది. 2007లో ప్రార్థనామందిరం మళ్లీ తెరిచారు.

షాపిరో విజయాన్ని ఇటుకల్లో కొలవడం కుదరదు. కుర్రాడు నిన్నేం చదివాడని అడిగే ముందు ఇవాళ ఏం తిన్నాడని అడగాలని ఆయన నమ్మారు. ఆ నమ్మకానికి తగ్గ నక్షా గీయించి, కట్టించి చూపించారు.