రేగడి నేల – మెట్టసేద్య పరిశోధన

బళ్ళారి సీమలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో పలువురికి నల్లరేగడియే జీవనాధారము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అందు చేరెను. మిగిలిన జిల్లా మైసూరు రాష్ట్రమున కలిసెను. భాషలనుబట్టి ఎల్లలు గీయవచ్చును గాని నేలకు ఆ గీత తెలియదు. ఇరువైపులను అదే రేగడి, అదే జొన్న, అదే పత్తి. కావున ఆ నేలను గూర్చి హగరిలో జరిగిన పరిశోధన ఇరువైపుల వారికిని ఉమ్మడి సొత్తు.

ఈ సీమలో సాలీనా కురియు వాన సుమారు 20 అంగుళములు మాత్రమే. అదియు అదనుకు రాదు. 1876లో మొదలైన ధాత కరువునందు ఈ జిల్లా పడిన బాధ పెద్దల నోట చాలకాలము నిలిచియుండెను. మెట్టరైతు కష్టమును శాస్త్రదృష్టితో విచారించు ప్రయత్నము మాత్రము ఆలస్యముగా వచ్చినది. వ్యవసాయ రాయల్ కమిషన్ 1928లో నివేదిక సమర్పించెను. మరుసటి యేట ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన మండలి ఏర్పడెను. ఆ మండలి తోడ్పాటుతో 1933–35 సంవత్సరములలో షోలాపురము, బీజాపురము, హగరి, రాయచూరు, రోహతక్ అను 5 చోట్ల మెట్టసేద్య పరిశోధన ఆరంభమయ్యెను. నాడు హగరి మదరాసు రాజధానిలోనిది, రాయచూరు నిజాము రాజ్యములోనిది.

అచటి ప్రధాన ప్రశ్న ఒక్కటే: కురిసిన వాన ఏమగుచున్నది? వేర్వేరు లోతుల మట్టిని తీసి తూచి, ఎండబెట్టి మరల తూచినచో తగ్గిన బరువే అందలి తేమ. రైతు మట్టిని పిడికిట పట్టి చెప్పు పదునును శాస్త్రజ్ఞుడు త్రాసున తూచెను. రేగడి తడిసినపుడు ఉబ్బి నీటిని మెల్లగా ఇంకించుకొనును. పెద్దవాన పడినచో నీరు పైమట్టితో కూడ కొట్టుకొనిపోవును. ఎండినపుడు నెఱ్ఱెలు విచ్చి లోపలి తేమను పోగొట్టుకొనును. కనుక గట్లు వేయుట, మూడేండ్లకొకసారి లోతుదుక్కి, పశువుల ఎరువు, తక్కువ విత్తనము, ఎడమైన సాళ్ళు, నడుమ గుంటక తోలుట అను పద్ధతి సిద్ధమయ్యెను. గుంటకయు గొఱ్ఱును మన తాతలనాటివే; వానిలోని యుక్తికి శాస్త్రము కారణము చూపినది.

అయినను ఫలితము స్వల్పము. దిగుబడి నూటికి 15 నుండి 20 పాళ్ళు పెరిగినది. మూలమున పండునదే కొద్దిపాటి కాగా ఆ పెరుగుదల గట్ల ఖర్చును భరింపజాలదని రైతు తలంచెను. ఆతని సందేహము నిరాధారము కాదు. సమతల రేఖ వెంబడి వేసిన గట్లు లోతైన రేగడిలో నెఱ్ఱెలిచ్చి తెగుటయు, వానిచెంత నీరు నిలిచి పైరు చెడుటయు కనబడెను. 1954లో బళ్ళారిలో నెలకొన్న భూసంరక్షణ పరిశోధన కేంద్రము ఈ విషయమును పరిశీలించి, మిగులు నీరు మెల్లగా జారిపోవునట్లు కొద్ది వాలుగల గట్లు రేగడికి తగునని తేల్చెను. ఎఱ్ఱనేలకు హితమైనది నల్లనేలకు హితము కాకపోవచ్చునని దీనివలన తెలియుచున్నది.

1953లో తుంగభద్ర జలము కాలువలకు వచ్చినది. కాలువ పారిన రేగడిలో కొన్నిచోట్ల నీరు నిలిచి చౌడు పుట్టెను. కాలువ అందని మెట్టలు నేటికిని మేఘమునే చూచుచున్నవి. 1970లో హైదరాబాదు కేంద్రముగా అఖిల భారత మెట్టసేద్య పరిశోధన పథకము ఏర్పడినపుడు, హగరి మొదలగు చోట్ల సాగిన కృషి దానికి పూర్వరంగమై నిలిచినది.

ఆనకట్టల చరిత్రను అందరును చెప్పుకొందురు. వానచుక్కను నేలలో నిలుపుటకై జరిగిన ఈ నిదానపు కృషిని తలచువారు తక్కువ. పదును, అదను, ముంగారి, హింగారి అను మాటల వెనుక నున్న అనుభవమును వృద్ధులైన రైతులు జీవించియుండగనే మన సంఘములు వ్రాసియుంచుట యుక్తము. త్రాసు తూచినదియు పిడికిలి ఎరిగినదియు రెండును కలిసినగాని రేగడి చరిత్ర పూర్తి కాజాలదు.