కాగితాలకు అందని వారసత్వం

1967 ఫిబ్రవరి 24న హైదరాబాద్ కింగ్ కోఠిలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కన్నుమూశారు. కడసారి చూపు కోసం నగరం వీధుల్లోకి వచ్చింది. 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కి, లోకంలోకెల్లా ధనవంతుడనిపించుకున్న మనిషి ఆయన. రాజ్యం 1948లోనే చేజారింది, మిగిలింది ఆస్తి. అది చెదరకూడదని ఆయన పడ్డ తాపత్రయం, చివరికి అది చెదిరిపోయిన తీరు తలచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

ఏమరుపాటు ఆయన నైజం కాదు. హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్య జరిగిన కొన్నేళ్లకే ట్రస్టుల మీద ట్రస్టులు రాయించారు. కుటుంబానికీ దానధర్మాలకూ వేరువేరుగా రాయించి, నగల కోసం 1951, 1952లలో మరో రెండు పెట్టించారు. ముస్లిం వారసత్వ చట్టం ప్రకారం, వారసులు ఒప్పుకోకపోతే వీలునామాతో ఇవ్వగలిగేది మూడో వంతే. మిగతాది వాటాలుగా పంచాల్సిందే. బతికుండగా ట్రస్టుకు అప్పగిస్తే ఆ చీలిక తప్పుతుంది. తానూ పెద్దకొడుకు ఆజం జా కూడా పోయాకే నగలు అమ్మాలని షరతు పెట్టారు. తండ్రి బూటు మొనలో దొరికిందని చెప్పుకునే 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రాన్ని బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకునేవారట. ఆ వజ్రం కూడా ట్రస్టు నగల్లో చేరింది.

కొడుకులను పక్కనపెట్టి మనవడు ముకర్రం జాను వారసుణ్ణి చేశారు. తాత పోయేనాటికి అతనికి 33 ఏళ్లు. ఫ్రాన్స్‌లోని నీస్‌లో పుట్టాడు. తల్లి దురుషెవార్ చివరి ఖలీఫా కూతురు. డూన్, హారో, కేంబ్రిడ్జ్, శాండ్‌హర్స్ట్‌లలో చదివిన ఆ యువకుడు కింగ్ కోఠి జమాఖర్చుల మధ్య పెరిగినవాడు కాడు. తాత ఆస్తితో పాటు ఆయన కొలువంతా అతని నెత్తిన పడింది. నౌకర్లు, ఆశ్రితులు కలిపి 14 వేల మందికి పైగా ఉన్నారు. షాండిలియర్ల దుమ్ము దులపడానికే 38 మంది. షెడ్డులో 60 కార్లుంటే కదిలేవి నాలుగు, పెట్రోలు బిల్లు మాత్రం అన్నిటికీ వచ్చేది.

ఆ తర్వాత దెబ్బ మీద దెబ్బ. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. భూపరిమితి చట్టాలు వచ్చాయి. వాటాల కోసం బంధువులు, జీతాల కోసం నౌకర్లు కోర్టుకెక్కారు. ఊపిరాడని మనిషి దేశం దాటాడు. పశ్చిమ ఆస్ట్రేలియాలో మర్చిసన్ హౌస్ అనే సుమారు అయిదు లక్షల ఎకరాల గొర్రెల క్షేత్రం కొని, నూనె మరకల బట్టలతో బుల్డోజర్ నడుపుతూ దారులు చదును చేసుకున్నాడు. అక్కడ అతనికి మనశ్శాంతి దొరికింది. ఇక్కడ మహళ్లకు తాళాలు పడ్డాయి, సామాను మాయమైంది, భూములు ఆక్రమణల పాలయ్యాయి. చివరికి ఆ గొర్రెల క్షేత్రం కూడా అప్పుల్లో పోయింది. 1996లో తుర్కియే చేరాడు.

నగలను మాత్రం ట్రస్టు కాగితం కాపాడింది. ఆజం జా 1970లో పోయాక అమ్మకానికి దారి తెరుచుకున్నా, వ్యాజ్యాలు, బేరాలు పాతికేళ్లు నడిచాయి. 1995లో కేంద్ర ప్రభుత్వం 173 నగలను 218 కోట్ల రూపాయలకు తీసుకుంది. కాగితం సరిగా లేని సొమ్ము గతి ఇంకా దారుణం. 1948 సెప్టెంబరులో, హైదరాబాద్ లొంగిపోయిన మూడో నాడు, పది లక్షల పౌండ్లు లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మళ్లాయి. నా అనుమతి లేకుండా జరిగిందని నిజాం వారం రోజులకే వెనక్కి అడిగారు. తీర్పు 2019 అక్టోబరు 2న వచ్చింది. అప్పటికి ఆ డబ్బు మూడున్నర కోట్ల పౌండ్లయింది. అడిగిన తాత పోయి యాభై రెండేళ్లు, మనవడు ఎనభై దాటిన ముసలివాడు.

2023 జనవరిలో ముకర్రం జా ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. హైదరాబాద్ తెచ్చి మక్కా మసీదు ప్రాంగణంలో పూర్వీకుల చెంత ఖననం చేశారు. ఆయన్ని దూషించడానికి నాకు నోరు రాదు. అడగని బరువది, మోయడం ఎవరూ నేర్పని బరువది.

ఈ కథలో నిలబడ్డ మేడలు ఎలా నిలబడ్డాయో చూడాలి. విడాకులై లండన్‌లో ఉంటున్న ముకర్రం జా మొదటి భార్య ఎస్రా, ఆయన కోరిక మీద తిరిగొచ్చి, వ్యాజ్యాలు ఒక్కొక్కటే పరిష్కరిస్తూ చౌమహల్లాను బాగుచేయించారు. ఫలక్‌నుమా లీజుకెళ్లి 2010లో హోటలుగా తెరుచుకుంది. ట్రస్టు దస్తావేజులు నగలను దాచగలిగాయి. ఇంటిని నిలబెట్టింది మాత్రం కూర్చుని లెక్కలు చూసిన మనిషి. రెండెకరాలున్న రైతుకూ ఇదే వర్తిస్తుంది. వీలునామా రాయండి, రిజిస్టర్ చేయించండి. ఏది ఎక్కడుందో, అప్పెంతో, మనల్నే నమ్ముకున్నవాళ్లెవరో బతికుండగానే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. ఉస్మాన్ అలీఖాన్ అంతటివాడు రాయించలేకపోయింది ఆ ఒక్కటే. దాన్ని ఏ వకీలూ మన తరఫున రాసిపెట్టలేడు.